వీఎస్ కోడ్ డెవ్ సర్వర్‌కి వెళ్తోంది, స్టేజింగ్ దగ్గర ఆగిపోతోంది: ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విండోస్ ల్యాప్‌టాప్, వీఎస్ కోడ్ ఎడిటర్, అందులో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ (సర్వర్‌లోని ఫైళ్లని ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్ గుండా తెరిచేది). డెవ్ సర్వర్ నిక్షేపంగా తెరుచుకుంటోంది. స్టేజింగ్‌కి (విడుదలకి ముందు పరీక్షించే సర్వర్‌కి) మాత్రం మధ్యలో ఒక బాస్టియన్ సర్వర్ (లోపలి సర్వర్లకి కాపలా గుమ్మం లాంటిది) దాటి వెళ్లాలి, అక్కడ "సెట్టింగ్ అప్ ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్" అని కాసేపు తిరిగి, "కుడ్ నాట్ ఎస్టాబ్లిష్ కనెక్షన్" అంటూ చేతులెత్తేస్తోంది. టెర్మినల్‌లో అయితే రెండిటికీ వెళ్లగలుగుతున్నారు. టీమ్‌లో ఎవరో వీఎస్ కోడ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు, చేశారు, ఏమీ మారలేదు.

మారదు కూడా. డెవ్ తెరుచుకుంటోందంటే మీ ల్యాప్‌టాప్‌లోని వీఎస్ కోడ్ బాగానే ఉంది, దాన్ని ఎన్నిసార్లు తీసి పెట్టినా స్టేజింగ్ వైపున్న తేడా పోదు. మీకు కలిసొచ్చిన విషయం ఏమిటంటే పనిచేసే సర్వర్ ఒకటి చేతిలో ఉంది. ఏ పరీక్ష చేసినా రెండిటి మీదా చేసి, ఫలితాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్క స్టేజింగ్ మీదే గంటలకొద్దీ కూర్చుంటే ఏది మామూలో ఏది కాదో తెలియదు. (కమాండ్లను పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లో కొట్టండి.)

"టెర్మినల్‌లో వెళ్తోంది కదా, అంటే నెట్‌వర్కూ కీ అన్నీ బాగున్నట్టే" అనుకుని (కీ అంటే పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే ఫైల్) చాలామంది అక్కడే ఆగిపోతారు. టెర్మినల్‌కి లాగిన్ అయితే చాలు. వీఎస్ కోడ్‌కి లాగిన్ తర్వాత ఇంకా రెండు పనులున్నాయి. సర్వర్‌లో మీ హోమ్ డైరెక్టరీ కింద డాట్ వీఎస్‌కోడ్-సర్వర్ అని ఒక ఫోల్డర్ పెట్టుకుని, మీ ల్యాప్‌టాప్‌లోని వెర్షన్‌కి సరిగ్గా సరిపోయే సర్వర్ ప్రోగ్రామ్‌ని అందులో దించి నడపాలి. ఆ ప్రోగ్రామ్ సర్వర్ లోపలే ఒక పోర్ట్ మీద ఉంటుంది, బయటికి కనబడదు, కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ లోంచే టన్నెల్ (ఆ కనెక్షన్ లోపలే ఇంకో దారి) వేసుకుని మీ ల్యాప్‌టాప్ దాన్ని చేరుకోవాలి. లాగిన్, ఇన్‌స్టాల్, టన్నెల్. ఈ మూడింటిలో ఏది తప్పినా పైన కనబడే మెసేజ్ దాదాపు ఒకటే, అదే గొడవ.

అందుకే ఆ పాప్-అప్‌ని వదిలేసి లాగ్ తెరవండి. ఎఫ్1 కొట్టి "రిమోట్-ఎస్‌ఎస్‌హెచ్: షో లాగ్" అంటే వస్తుంది, లేదా కింద అవుట్‌పుట్ ప్యానెల్‌లో కుడివైపు డ్రాప్‌డౌన్‌లో రిమోట్-ఎస్‌ఎస్‌హెచ్ ఎంచుకోండి. చాంతాడంత ఉంటుంది, భయపడకండి. చివరి ఎర్రర్ నుంచి కాకుండా పైనుంచి చదువుతూ, డెవ్ లాగ్‌లో ఉండి స్టేజింగ్ లాగ్‌లో లేని మొదటి వరుస ఏదో చూడండి. చివరి వరుసల్లో ఉండేవన్నీ ఆ మొదటి దెబ్బకి పడ్డ మిగతా గాయాలు, వాటిని గూగుల్ చేసి లాభం లేదు.

అదే లాగ్‌లో వీఎస్ కోడ్ అసలు ఏ ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ నడిపిందో కూడా రాసి ఉంటుంది: ఎస్‌ఎస్‌హెచ్ డాట్ ఈఎక్స్‌ఈ పూర్తి పాత్, తర్వాత మైనస్ క్యాపిటల్ టీ, మైనస్ క్యాపిటల్ డీ, ఒక పోర్ట్ నంబర్, హోస్ట్ పేరు, చివర బాష్ లేదా ఎస్‌హెచ్. దాన్ని యథాతథంగా కాపీ చేసి పవర్‌షెల్‌లో నడపండి. మీరు రోజూ టెర్మినల్‌లో కొట్టే కమాండ్‌కీ దీనికీ చాలా తేడా ఉంది. క్యాపిటల్ టీ అంటే టెర్మినల్ వద్దు అని, క్యాపిటల్ డీ అంటే టన్నెల్ కావాలి అని. ఇది పనిచేయకపోతే వీఎస్ కోడ్‌ని మర్చిపోండి, సమస్య ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఉంది. ఇది పనిచేసి, హోస్ట్‌నేమ్ అని కొడితే స్టేజింగ్ పేరు వచ్చిందంటే లాగిన్ దశ దాటినట్టే.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి, నా అనుమానం మొదట దీని మీదే. టెర్మినల్‌లో స్టేజింగ్‌కి ఎలా వెళ్తున్నారు? ముందు బాస్టియన్‌లోకి లాగిన్ అయి, అక్కడ కూర్చుని మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ స్టేజింగ్ అని కొడుతున్నారా? అలా అయితే మీరు చేస్తున్నదీ వీఎస్ కోడ్ చేస్తున్నదీ ఒకటి కానే కాదు. మీ పద్ధతిలో స్టేజింగ్ పేరుని వెతికేది బాస్టియన్, వాడే కీ బాస్టియన్‌లో ఉన్న కీ, టన్నెల్ అవసరమే లేదు. వీఎస్ కోడ్ మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైల్‌లో) పెట్టిన ప్రాక్సీజంప్ వాడుతుంది: బాస్టియన్ గుండా ఒక దారి మాత్రమే వేసుకుని, స్టేజింగ్ దగ్గర మీ ల్యాప్‌టాప్ కీతో లాగిన్ అవ్వాలని చూస్తుంది. ఆ కీ స్టేజింగ్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో (అనుమతించిన కీల జాబితాలో) లేకపోతే పర్మిషన్ డినైడ్. బాస్టియన్‌లో టీసీపీ ఫార్వర్డింగ్ (కనెక్షన్లని అవతలికి దాటించడం) ఆపేసి ఉంటే "అడ్మినిస్ట్రేటివ్లీ ప్రొహిబిటెడ్, ఓపెన్ ఫెయిల్డ్" అని, దాని కింద "స్టాండర్డ్ ఐఓ ఫార్వర్డింగ్ ఫెయిల్డ్" అన్న అర్థంలో ఒక వరుస కనబడతాయి. ఈ "ప్రొహిబిటెడ్" మాట కనబడితే మీ వైపు చేయగలిగింది ఏమీ లేదు, బాస్టియన్ చూసే వాళ్లతో మాట్లాడి అలౌ టీసీపీ ఫార్వర్డింగ్ మీ యూజర్‌కైనా ఇప్పించుకోవాలి. సెక్యూరిటీ వాళ్లు కావాలనే ఆపి ఉంటే ఇవ్వరు, అది వేరే సంగతి.

ఒకేసారి వెళ్లి చూడాలంటే ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ క్యాపిటల్ జే, బాస్టియన్, స్టేజింగ్ అని కొట్టండి. ఇదీ అసలు పరీక్ష. ఇంకో చిక్కు: విండోస్ 10 తొలినాళ్లలో దానితోపాటు వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ప్రాక్సీజంప్ సరిగ్గా పనిచేసేది కాదు, "క్రియేట్ ప్రాసెస్ ఫెయిల్డ్, నో సచ్ ఫైల్" అని ఏడ్చేది. ఇప్పటికీ పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అదే ఉంటే, కాన్ఫిగ్‌లో ప్రాక్సీజంప్ బదులు ప్రాక్సీకమాండ్ పెట్టి ఎస్‌ఎస్‌హెచ్ డాట్ ఈఎక్స్‌ఈకి పూర్తి పాత్ ఇస్తే దారికొస్తుంది.

కాన్ఫిగ్ ఫైల్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో మోసపోని వాళ్లు తక్కువ. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే మొదట కనబడిందే చెల్లుతుంది. చాలా ప్రోగ్రామ్‌లలో చివరిది గెలుస్తుంది కాబట్టి మనకి ఆ అలవాటు. ఫైల్ మొట్టమొదట హోస్ట్ స్టార్ (అన్ని సర్వర్లకీ వర్తించే బ్లాక్) అని పెట్టి, దాని కింద యూజర్ పేరు రాసేశారనుకోండి, ఆ తర్వాత స్టేజింగ్ బ్లాక్‌లో డిప్లాయ్ అనే వేరే యూజర్ పెట్టినా దాన్ని ఎవరూ పట్టించుకోరు. స్టార్ బ్లాక్ ఎప్పుడూ అడుగున ఉండాలి. కళ్లతో చూసి కనిపెట్టడం కష్టం, అందుకే ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ క్యాపిటల్ జీ స్టేజింగ్ అని కొట్టండి. ఎక్కడికీ కనెక్ట్ అవ్వకుండా, అన్నీ కలిపాక చివరికి ఏ యూజర్, ఏ పోర్ట్, ఏ కీ, ఏ ప్రాక్సీ తేలాయో మొత్తం ప్రింట్ చేస్తుంది. డెవ్‌కి కూడా కొట్టి రెండూ పక్కన పెట్టండి. ఇంత పనికొచ్చే కమాండ్‌ని ఇంత తక్కువమంది వాడటం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

విండోస్ కాబట్టి ఇంకో మెలిక. గిట్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే మీ దగ్గర రెండు ఎస్‌ఎస్‌హెచ్‌లున్నట్టు: సిస్టమ్32 కింద విండోస్‌ది ఒకటి, గిట్‌తో వచ్చింది ఇంకొకటి. మీరు గిట్ బాష్‌లో పరీక్షిస్తారు, వీఎస్ కోడ్ విండోస్‌ది వాడుతుంది. రెండిటి ఏజెంట్లు (కీలని మెమరీలో ఉంచి అందించే ప్రోగ్రామ్‌లు) వేరు, కాబట్టి గిట్ బాష్ ఏజెంట్‌లో పాస్‌ఫ్రేజ్ ఇచ్చి ఎక్కించిన కీ అవతలి దానికి తెలియదు. వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ పాత్ అని ఉంటుంది, అక్కడ ఏది కావాలో చెప్పొచ్చు. బాస్టియన్ ఓటీపీ అడిగే రకమైతే షో లాగిన్ టెర్మినల్ అన్న సెట్టింగ్ ఆన్ చేసి, కనెక్ట్ టైమ్‌అవుట్ పెంచండి. అది మామూలుగా 15 సెకన్లే. ఫోన్ వెతికి, యాప్ తెరిచి, ఓటీపీ చూసి కొట్టేలోపు అయిపోతుంది.

లాగిన్ దశలో మిగతావి గబగబా. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే సాధారణంగా మెషీన్ దాకా వెళ్లారు, ఆ పోర్ట్ మీద ఎవరూ లేరు. టైమ్డ్ అవుట్ అంటే దారిలో ఎవరో ప్యాకెట్లని చప్పుడు చేయకుండా మింగేస్తున్నారు, ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ గ్రూప్ (అమెజాన్ క్లౌడ్‌లోని ఫైర్‌వాల్) చేసే పని సరిగ్గా ఇదే, వీపీఎన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. "టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్" వస్తే మీ ఏజెంట్‌లో కీలు ఎక్కువయ్యాయి, సర్వర్ మామూలుగా 6 ప్రయత్నాలకి తలుపు వేసేస్తుంది, కాబట్టి స్టేజింగ్ బ్లాక్‌లో ఐడెంటిటీ ఫైల్ చెప్పి ఐడెంటిటీస్ ఓన్లీ యెస్ పెట్టండి. సరైన కీ ఉన్నా పర్మిషన్ డినైడ్ వస్తుంటే సర్వర్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్‌కి 600 ఉన్నాయా, హోమ్ డైరెక్టరీలో గ్రూప్ వాళ్లకి రాసే హక్కు ఇచ్చి ఉందా చూడండి. కారణం మీకు కనబడదు, సర్వర్‌లో ఉబుంటూ అయితే ఆథ్ డాట్ లాగ్, రెడ్‌హ్యాట్ జాతి అయితే సెక్యూర్ అనే లాగ్ చెప్తాయి. స్టేజింగ్ బాగా పాతదై మీది పాత ఆర్‌ఎస్‌ఏ కీ అయితే ఇంకో కారణం ఉంది: 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి ఎస్‌హెచ్‌ఏ-1 సంతకాలని డిఫాల్ట్‌గా ఒప్పుకోవడం మానేసింది. కొత్తగా ఈడీ25519 కీ చేసుకుంటే చాలావరకు ఈ పేచీ ఉండదు.

ఇప్పుడు ఇన్‌స్టాల్ దశ. స్టేజింగ్ సర్వర్లకి చాలాచోట్ల బయటి ఇంటర్నెట్ ఉండదు, డెవ్‌కి ఉంటుంది. లాగ్‌లో డబ్ల్యూగెట్ లేదా కర్ల్ డౌన్‌లోడ్ ఫెయిల్డ్ అనో, "కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్" అనో ఉంటే అదే. రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్స్‌లో లోకల్ సర్వర్ డౌన్‌లోడ్ అన్నదాన్ని ఆల్వేస్ చేయండి, అప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో దించి అక్కడికి పంపిస్తుంది.

"మా స్టేజింగ్‌లో ప్రాక్సీ ఉంది, లాగిన్ అయి కర్ల్ కొడితే పనిచేస్తోంది, వీఎస్ కోడ్‌కి మాత్రం డౌన్‌లోడ్ అవ్వట్లేదు" అన్న ఫిర్యాదు తరచూ వింటాను (ప్రాక్సీ అంటే ఇంటర్నెట్‌కి మధ్యవర్తి సర్వర్). ఉబుంటూలో మీ హోమ్ కింద ఉండే బాష్‌ఆర్‌సీ ఫైల్ (షెల్ మొదలైనప్పుడు చదివేది) తెరిచి మొదటి కొన్ని వరుసలు చూడండి. అక్కడ ఒక కేస్ బ్లాక్ ఉంటుంది, మనిషి కూర్చుని వాడే షెల్ కాకపోతే ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లిపో అని. మీరేమో ప్రాక్సీ ఎక్స్‌పోర్ట్ వరుసల్ని ఫైల్ అడుగున పెట్టి ఉంటారు, అందరూ అక్కడే పెడతారు. లాగిన్ అయినప్పుడు అవి అందుతాయి, వీఎస్ కోడ్ స్క్రిప్ట్ నడిచినప్పుడు అంతదూరం వెళ్లదు. ఆ వరుసల్ని కేస్ బ్లాక్ పైకి జరిపితే సరి. పరీక్షించాలంటే ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ స్టేజింగ్ ఈఎన్‌వీ అని ఒకే వరుసలో కొట్టండి, వీఎస్ కోడ్‌కి ఏమేం కనబడుతున్నాయో దాదాపు అవే కనబడతాయి.

అదే ఫైల్‌లో ఇంకో తంటా. లాగిన్ అవ్వగానే టీమక్స్‌లోకి (ఒకే టెర్మినల్‌లో పలు సెషన్లు నడిపే ప్రోగ్రామ్‌లోకి) దూకించడం, ఏ ఎన్విరాన్‌మెంట్ కావాలో మెనూ పెట్టి అడగడం, ఎగ్జిక్ జెడ్‌షెల్ అని షెల్ మార్చేయడం, ఇవన్నీ అక్కడ రాసిపెట్టే పెద్దమనుషులుంటారు. మనిషికి సౌకర్యం, స్క్రిప్ట్‌కి ఉరి. ఎస్‌ఎస్‌హెచ్ స్టేజింగ్ ట్రూ అని కొట్టి చూడండి: ఏమీ ప్రింట్ అవ్వకూడదు, వెంటనే తిరిగి రావాలి. బాస్టియన్ బ్యానర్ వచ్చినా పర్లేదు, ఆగిపోతే మాత్రం దొరికినట్టే. ఎకోతో స్వాగతం పలికే ఒక్క వరుస ఉన్నా వీఎస్ కోడ్ సాధారణంగా సర్దుకుపోతుంది గానీ ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు పంపేది) సర్దుకోదు, "రిసీవ్డ్ మెసేజ్ టూ లాంగ్ 1466264675" లాంటి వింత అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎక్కడిదో సరదాగా చెప్తాను: ఇంగ్లిష్ వెల్‌కమ్‌లోని మొదటి నాలుగు అక్షరాలని ప్యాకెట్ పొడవు అనుకుని లెక్కేస్తే వచ్చేది అదే.

డౌన్‌లోడ్ అయి కూడా సర్వర్ లేవకపోతే స్టేజింగ్‌లో ఎల్‌డీడీ డాష్ డాష్ వెర్షన్ కొట్టండి, జీలిబ్‌సీ (లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ) వెర్షన్ చెప్తుంది. మీ స్టేజింగ్ సెంట్‌ఓఎస్ 7 అయితే ఇక్కడే తేలిపోతుంది. వీఎస్ కోడ్ సర్వర్‌కి ఇప్పుడు జీలిబ్‌సీ కనీసం 2.28 ఉండాలి. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17. ఉబుంటూ 18.04లో 2.27, ఒక్క మెట్టు తక్కువ. 2024 మొదట్లో 1.86 వెర్షన్‌తో ఈ నిబంధన పెడితే ఒక్కసారిగా అందరి సర్వర్లూ పోయాయి, గోల గోల అయింది, దాంతో ఏడాది గడువిచ్చి, 2025 మార్చి నాటి 1.99 నుంచి మళ్లీ అమలు చేశారు. అంటే నిన్నటిదాకా పనిచేసి, వీఎస్ కోడ్ తనంతట తాను అప్‌డేట్ అయిన రోజున ఆగిపోతుంది. సర్వర్‌లో ఎవరూ ఏమీ మార్చలేదని ఆపరేషన్స్ వాళ్లు ఒట్టేసి చెప్తారు, వాళ్లు చెప్పేది నిజమే. అసలు మందు ఓఎస్ మార్చడం: సెంట్‌ఓఎస్ 7కి మద్దతు 2024 జూన్ 30తోనే ముగిసింది. రెడ్‌హ్యాట్ 8, డెబియన్ 10, ఉబుంటూ 20.04 నుంచి జీలిబ్‌సీ పేచీ లేదు. ఈలోగా 1.98 వేసుకుని ఆటో అప్‌డేట్ ఆపేసుకుంటే బండి నడుస్తుంది, ఎక్స్‌టెన్షన్లు కొన్ని కొత్త వెర్షన్ అడుగుతాయి, తప్పదు. విడిగా కొత్త జీలిబ్‌సీని ఒక ఫోల్డర్‌లో కట్టి, దాన్ని చూపించే దొడ్డిదారి కూడా మైక్రోసాఫ్ట్ వాళ్ల డాక్యుమెంట్లలో ఉంది, అధికారిక మద్దతు లేకుండా. దయచేసి సర్వర్‌లోని అసలు జీలిబ్‌సీని మాత్రం చేత్తో మార్చబోకండి, ఎల్ఎస్ కూడా పనిచేయని సర్వర్ మిగులుతుంది.

జీలిబ్‌సీ బాగుంటే డీఎఫ్ మైనస్ హెచ్‌తో డిస్క్, డీఎఫ్ మైనస్ ఐతో ఐనోడ్లు (ఫైళ్ల సంఖ్యకున్న పరిమితి) చూడండి. కట్టుదిట్టం చేసిన స్టేజింగ్‌లలో హోమ్‌ని నోఎగ్జిక్‌తో (అక్కడి ప్రోగ్రామ్‌లేవీ నడవకుండా) మౌంట్ చేస్తారు, అప్పుడు ఫైల్ కళ్లెదుట ఉండి, దానికి నడిచే హక్కు ఉండి కూడా పర్మిషన్ డినైడ్ అంటుంది. మౌంట్ కమాండ్‌లో కనబడుతుంది. హోమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ డిస్క్) మీద ఉండి లాక్ దగ్గర వేలాడుతుంటే లాక్‌ఫైల్స్ ఇన్ టెంప్ అన్న సెట్టింగ్ ఆన్ చేయండి. సగం దిగి ఆగిన పాత ఇన్‌స్టాల్ ఉందనిపిస్తే "కిల్ వీఎస్ కోడ్ సర్వర్ ఆన్ హోస్ట్" కొట్టి, ఆ డాట్ వీఎస్‌కోడ్-సర్వర్ ఫోల్డర్‌కి పేరు మార్చి మళ్లీ ప్రయత్నించండి. తుడిచేయొద్దు, మీరు ఆ సర్వర్‌లో వేసుకున్న ఎక్స్‌టెన్షన్లు అందులోనే ఉంటాయి.

టన్నెల్ దశలో ఒకటే ముఖ్యం. బాస్టియన్‌లో లాగే స్టేజింగ్ ఎస్‌ఎస్‌హెచ్‌డీలో (సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌లో) కూడా ఫార్వర్డింగ్ ఆపి ఉండొచ్చు. అప్పుడు లాగ్‌లో లాగిన్ అవుతుంది, సర్వర్ లేస్తుంది, పోర్ట్ నంబర్ కూడా వస్తుంది, ఆ తర్వాత ఢమాల్. కాన్ఫిగ్ ఫైల్ చూసి "యెస్ అనే ఉంది కదా" అని వాదించకండి, ఇన్‌క్లూడ్ చేసిన వేరే ఫైల్‌లోనో కింద మ్యాచ్ బ్లాక్‌లోనో (కొందరు యూజర్లకే వర్తించే భాగంలో) నో ఉండొచ్చు. రూట్ ఉన్నవాళ్ల చేత ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ క్యాపిటల్ టీ కొట్టించండి, చివరికి తేలిన సెట్టింగులు చూపిస్తుంది, మ్యాచ్ బ్లాకులున్నాయంటే మైనస్ క్యాపిటల్ సీతో మీ యూజర్ పేరు కూడా ఇప్పించండి.

కనెక్ట్ అయ్యాక తెగిపోవడం వేరే జబ్బు. టీ తాగొచ్చేసరికి పోతుంటే మధ్యలో ఏదో ఖాళీ కనెక్షన్లని తెంపుతోంది, ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వే అయితే 350 సెకన్లకి తెంపుతుంది. కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వల్ 60 పెట్టండి. వీపీఎన్ మీద ఉన్నప్పుడు మాత్రమే, అదీ కీ మార్పిడి మధ్యలో "ఎక్స్‌పెక్టింగ్" అన్న వరుస దగ్గర గడ్డకట్టుకుపోతుంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) అనుమానించండి: విండోస్‌లో పింగ్ మైనస్ ఎఫ్ మైనస్ ఎల్ 1472 తో మొదలుపెట్టి, ఏ సైజు దగ్గర జవాబు వస్తుందో చూస్తూ తగ్గించుకుంటూ రండి. ఫోల్డర్ తెరవగానే తెగిపోతుంటే మెమరీ. చిన్న 1 జీబీ మెషీన్ మీద టైప్‌స్క్రిప్ట్ ఎక్స్‌టెన్షన్ నడిస్తే కెర్నెల్ దాన్ని చంపేస్తుంది, కెర్నెల్ లాగ్‌లో (కమాండ్ డీమెస్జీ) "అవుట్ ఆఫ్ మెమరీ" అని శవపంచనామా దొరుకుతుంది.

అడగకపోయినా ఒక మాట. స్టేజింగ్ మీద మీకు నిజంగా ఎడిటర్ కావాలా? లాగ్ చూడ్డానికైతే టెర్మినల్‌లో టెయిల్ చాలు. అక్కడ ఫైళ్లు చేత్తో మార్చడం మొదలుపెడితే గిట్‌లో ఉన్నదీ స్టేజింగ్‌లో ఉన్నదీ వేరైపోయి, తర్వాతి డిప్లాయ్‌కి మీ మార్పు మాయమవుతుంది. పైగా పదిమంది వాడే సర్వర్ ఎవరి చేతిలోనైనా పడితే, ఆ రిమోట్ కనెక్షన్ గుండా మీ ల్యాప్‌టాప్‌లో కోడ్ నడిపించే వీలుందని ఎక్స్‌టెన్షన్ పేజీలోనే హెచ్చరిక ఉంది. డీబగ్గర్ తగిలించాల్సిన పని ఉంటే సరే, అది సబబైన కారణమే.

ముందు మూడు విషయాలు పెట్టండి: టెర్మినల్‌లో బాస్టియన్ ఎలా దాటుతున్నారో, క్యాపిటల్ జేతో నేరుగా కొడితే ఏమొచ్చిందో, స్టేజింగ్‌లో ఎల్‌డీడీ వెర్షన్ ఎంతో. లాగ్ కూడా ఉంటే డెవ్‌తో తేడా మొదలైన వరుస నుంచి ఓ ఇరవై వరుసలు పేస్ట్ చేయండి. ఐపీలూ యూజర్ పేర్లూ చెరిపేసి పెట్టండి.